కొత్త అల్యూమినియం బాస్ బోట్ (బాస్ చేపలు పట్టే చిన్న బోట్) కొన్నారా? ముందు ఇవి చూస్కోండి
నీళ్లలోకి దింపేముందు డ్రెయిన్ ప్లగ్ (బోట్‌లోంచి నీళ్లు పోయే రంధ్రానికి బిరడా) పెట్టారా లేదా చూడండి, నవ్వొస్తుంది గానీ బాగా అనుభవం ఉన్నోళ్లు కూడా మర్చిపోయేది ఇదే. దింపాక కాసేపు కదలకుండా ఉంచి అడుగున నీళ్లు చేరుతున్నాయేమో చూడాలి, రివెట్లు కొట్టిన బోట్ అయితే ఇంకా జాగ్రత్తగా, వెల్డింగ్ దాంట్లో ఆ గొడవ కొంచెం తక్కువ.

ఇంజిన్ కొత్తది కదా, మొదటి 10 గంటలు బ్రేక్-ఇన్ టైమ్ అని చాలా కంపెనీలు చెప్తాయి, అంటే ఫుల్ థ్రాటిల్‌లో అదేపనిగా లాగించకుండా, అలా అని ఒకే స్పీడ్‌లో కూడా పోకుండా మారుస్తూ నడపాలి, మీ మాన్యువల్లో ఏముంటే అదే ఫైనల్. కిల్ స్విచ్ తాడు (మీరు పడిపోతే ఇంజిన్ ఆపేసేది) ఒంటికి తగిలించుకోకుండా స్టార్ట్ చేయొద్దు.

ఫైబర్ బోట్ నుంచి వచ్చినోళ్లకి మొదట తేడాగా అనిపించేది గాలి. అల్యూమినియం తేలిక, చిన్న ఇంజిన్‌తోనే నీటిమీదకి లేచి దూసుకుపోద్ది, లోతు తక్కువున్న చోటికీ పోద్ది, కానీ గాలొస్తే పక్కకి కొట్టుకుపోతుంటుంది, ట్రోలింగ్ మోటార్‌తో (నెమ్మదిగా నడిపే చిన్న కరెంట్ మోటార్) ఒకచోట నిలబెట్టడం కాస్త చిరాకే. అలలకి అడుగున డబ్బా కొట్టినట్టు చప్పుడు కూడా. నాకైతే ఓకే.

ఉప్పునీళ్లలో తిప్పితే వచ్చాక మంచినీళ్లతో కడగండి, ఆనోడ్లు (బోట్ బదులు తాము తుప్పుపట్టి అరిగే లోహపు ముక్కలు) అరిగాయేమో చూడండి, రాగి కలిసిన పెయింట్ మాత్రం అడుగున అస్సలు వేయకండి, అల్యూమినియాన్ని తినేస్తుంది. ట్రైలర్ చక్రాల నట్లు మొదటి ప్రయాణం తర్వాత మళ్లీ బిగించాలి.