మాల్టా పాతాళ గుడిలోకి దిగేముందు

మాల్టా వెళ్తుంటే ఫ్లైట్ టికెట్ల కంటే ముందు హాల్ సఫ్లియేనీ హైపోజియం, అంటే నేల కింద రాతిలో తొలిచిన పాతకాలపు గుడి, దాని స్లాట్ చూసుకోండి. గంటకి 10 మంది, రోజుకి 80 మంది, అంతకు మించి దింపరు. వేసవిలో నెలల ముందే అయిపోతాయి. గేటు దగ్గర బతిమాలుకుందాంలే అనుకున్న మా ఫ్రెండ్ ఒకడు అది ఉన్న పావోలా ఊళ్లో, వీధిలోంచి తలుపు చూసుకుని తిరిగొచ్చాడు.

ఇంత కట్టడి ఊరికే పెట్టలేదు. 1902లో కొత్త ఇళ్లకి నీటి తొట్లు తవ్వుతున్న కూలీలకి తగిలిన ఈ గుడి, క్రీ.పూ. 4000 నుంచి 2500 దాకా జనం సున్నపురాయిని తొలుచుకుంటూ మూడు అంతస్తులు కిందికి దించిన కట్టడం. గోడల మీద జాజుతో గీసిన సుడి ఆకారాలు ఇంకా ఉన్నాయి. మన ఊపిరిలో తేమ, ఒంటి వేడి, లైట్ల వెలుగుకి పట్టే పాచి, ఇవన్నీ ఆ రంగుని తినేస్తాయి. అందుకే 1990ల్లో చాలా ఏళ్లు మూసేసి, లోపలి గాలిని అదుపులో ఉంచే ఏర్పాట్లు చేసి 2000లో తెరిచారు. కాబట్టి గోడ తాకొద్దు, ఆనుకోవద్దు, ఒక్క వేలు కూడా పెట్టొద్దు. ఫొటోలు అసలు కుదరవు, ఫోన్ గురించి టెన్షన్ పడకుండా లాకర్లో పడేయండి.

లోపల చెమ్మగా, మసక వెలుతురుగా, ఇరుకుగా ఉంటుంది. లిఫ్టులోనే ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి. హీల్స్ వద్దు, మెట్లు జారతాయి. ఆరేళ్లలోపు పిల్లల్ని రానివ్వరు.

ఇంకో సంగతి, మనసు కూడా సిద్ధం చేసుకోవాలి. ఇక్కడ దాదాపు 7,000 మంది అస్థికలు ఉండేవని అంచనా. పాత ఎముకల్ని పక్కకి జరిపి కొత్త శవాన్ని పెట్టేవాళ్లు, వాటికీ జాజు పూసేవాళ్లు. మైల తీరేదాకా గుడి గడప తొక్కని మనకి, గుడీ వల్లకాడూ ఒకటే అయిన చోటు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది (నాకైతే అదే అన్నిటికంటే నచ్చింది). మధ్య అంతస్తులో ఒక గదిలో మగవాళ్ల బరువైన గొంతు గుడి అంతా మారుమోగుతుంది, అలాగని మీరు అరిచి పరీక్షించకండి.

ఈ గుడిలో దొరికిన నిద్రపోతున్న స్త్రీ బొమ్మ కోసం అక్కడ వెతక్కండి, అది రాజధాని వలెట్టాలోని మ్యూజియంలో ఉంది. ఆ ఫొటోలు చూసి పెద్ద విగ్రహం అనుకుంటారేమో, పొడవు 12 సెంటీమీటర్లే.