కౌమార నవలా రచన – 5వ పాఠం: ‘తండ్రి వృత్తి’ అన్న గడి

నాలుగవ పాఠం చివర, మీ ప్రధాన పాత్ర తనను గురించి తాను ఏమనుకుంటుందో ఒక పుటలో రాయమని అడిగాను. ఆ పుటను ఇప్పుడు ముందు పెట్టుకోండి. ‘నేనెవరిని’, ‘ఒంటరితనం’, ‘శూన్యం’, ‘అస్తిత్వం’ అన్న మాటలు, వాటి చుట్టాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి కింద గీత గీయండి. గీత పడిన వాక్యాలు మీకు ఎంతో అవసరమైనవి, ఎందుకంటే మీ పాత్ర లోపల ఏముందో మీకు తెలిసిందని అవి చెబుతున్నాయి. అయితే వాటిలో ఒక్కటి కూడా నవలలోకి రాకూడదు. ఆ వాక్యాలలో ఉన్న విషయాన్ని ఒక సన్నివేశంగా మార్చడం ఎలాగో ఈ పాఠంలో నేర్చుకుందాం.

ముందుగా ఒక నమూనా చూడండి. అభ్యాసాలలో తరచుగా కనిపించే తీరును చూపడానికి దీనిని నేనే కూర్చాను.

“నూకరత్నం జీవితం చిన్నప్పటి నుంచి కష్టాలమయం. తండ్రి ప్రాణాలకు తెగించి సముద్రంలో చేపలు పట్టేవాడు. పేదరికం ఆ కుటుంబాన్ని వెంటాడేది. చుట్టూ అందరూ తనను చిన్నచూపు చూస్తున్నారని ఆమె లోలోపల కుమిలిపోయేది. నేను జాలరి బిడ్డనా, చదువుకున్న అమ్మాయినా అన్న ప్రశ్న ఆమెను నిద్రపోనిచ్చేది కాదు.”

భాషలో దోషం లేదు, సానుభూతి కూడా నిజమైనదే. అయినా పాఠకుడు ఈ అమ్మాయిని చూడలేకపోతున్నాడు. కారణం క్రియలలో ఉంది. పట్టేవాడు, వెంటాడేది, కుమిలిపోయేది, నిద్రపోనిచ్చేది కాదు: ఇవన్నీ అలవాటుగా జరిగేవాటిని చెప్పే రూపాలు. ‘కుమిలిపోయేది’ అన్నప్పుడు ఏ రోజున, ఎవరి ముందు, ఏ మాటకు అన్న వివరం రచయిత ఇవ్వనక్కరలేకుండా పోతుంది. మన భాషలో ఈ రూపం చాలా సులువుగా చేతికి వస్తుంది, కథ చెప్పే అమ్మమ్మల నోట ఎంతో ఇంపుగా కూడా ఉంటుంది. అందుకే దీని విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. మొదటి మూడు అధ్యాయాలలో ‘-ఏది’, ‘-ఏవాడు’ అన్న క్రియలను ఏరి, వాటిలో సగానికైనా ‘అంది’, ‘చూశాడు’, ‘లేచింది’ వంటి ఒక్కసారి జరిగిన క్రియలను పెట్టి చూడండి. క్రియ మారగానే ఒక రోజు కావలసి వస్తుంది, ఒక చోటు కావలసి వస్తుంది, ఎదుట ఒక మనిషి కావలసి వస్తాడు.

ఇప్పుడు ఆ రోజును వెతుకుదాం. మన నూకరత్నం విశాఖపట్నంలో పెద జాలరిపేట పిల్ల. పదహారేళ్ళది, పదో తరగతి పూర్తి చేసింది. తండ్రి ఫిషింగ్ హార్బరులో ఒక మరబోటు మీద కళాసీ, అంటే బోటులో వేట పని చేసే మనిషి. తల్లి హార్బరు దగ్గర వేలంలో చేపలు కొని, గంపలో ఎంవీపీ కాలనీ వీధులలో అమ్ముతుంది. ‘పేదరికం’ అన్న మాట ఈ ఇంట్లో ఎవరూ వాడరు. ఈ ఇంటి వాళ్ళు తేదీలతో మాట్లాడతారు. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లకూ ఇంజను పడవలకూ వేట నిషేధం ఉంటుంది. బోట్లు జెట్టీకి కట్టేసి ఉంటాయి, కళాసీలకు వేట డబ్బులో వచ్చే వాటా ఉండదు. ప్రభుత్వం ఇచ్చే భృతి ఎప్పుడు చేతికి అందితే అప్పటి అప్పులకు సరిపోతుంది. పదో తరగతి ఫలితాలు వచ్చేది, ఇంటర్‌లో చేరడానికి కాలేజీల చుట్టూ తిరిగేది, మొదటి వాయిదా ఫీజు కట్టేది సరిగ్గా ఈ 61 రోజులలోనే.

ఇది చూడగానే మీ కథ సగం తయారైందని నేను నమ్ముతాను. క్యాలెండరులో రెండు వరుసలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఈ ఇబ్బందికి విలన్ అవసరం లేదు. నిషేధం న్యాయమైనదే, లేకపోతే రేపు వేటకు చేపలుండవు. కాలేజీ గడువు కూడా అందరికీ ఒకటే. రెండు న్యాయమైన తేదీల మధ్య ఒక పిల్ల ఇరుక్కుంది. మీ పాత్ర కష్టం ఏదైనా సరే, దానికి ఇటువంటి తేదీ ఒకటి దొరికే వరకు అధ్యాయం మొదలుపెట్టకండి.

ఇక రెండవది, ప్రశ్న. పదహారేళ్ళ పిల్లలు అద్దం ముందు నిలబడి ‘నేనెవరిని’ అని తమను తాము ప్రశ్నించుకోవడం పెద్దలు రాసిన నవలలలోనే ఎక్కువ. నిజానికి ఆ ప్రశ్న బయట నుంచి, చాలా మామూలు మాటలలో వస్తుంది: “మీదెక్కడమ్మా?”, “ఇంటి పేరేమిటి?”, “నాన్నగారు ఏం చేస్తారు?” చాలాసార్లు అది ఒక దరఖాస్తులో ఖాళీ గడిగా వస్తుంది. గడి చిన్నది, జవాబు ఒక్క మాటే పడుతుంది, గుమస్తా ఎదురు చూస్తుంటాడు. అద్దానికి జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు, గుమస్తాకు చెప్పి తీరాలి.

తేదీనీ గడినీ ఒకే చోట కలిపితే ఇలా వచ్చింది.

“కౌంటరులోని గుమస్తా దరఖాస్తును తిరగేసి, ఒక గడి మీద పెన్ను ఆనించాడు.

‘తండ్రి వృత్తి రాయలేదేమ్మా?’

‘బిజినెస్ అండీ’ అంది రత్నం.

‘ఏం బిజినెస్సు?’

వెనక నుంచి తల్లి ముందుకు వంగింది. ‘యాపారవేటి బావూ! ఆళ్ళ నాన్న ఏటకెల్తాడు. బోటు మీద కళాసీ. పద్నాలుగో తారీకు దాకా నిషేధం గదా, ఇంటికాడే ఉన్నాడు. ఎల్లి తిరిగొచ్చేక మిగతా డబ్బులు కట్టేత్తాం.’

గుమస్తా రాసుకున్నాడు. అక్షరాలు తలకిందులుగా కనిపిస్తున్నాయి గాని రత్నం చదవలేదు. కింద పెట్టిన మార్కుల జాబితా మూలన ఒక పొలుసు ఎండి అతుక్కుని ఉంది. గోటితో గీకింది. ఊడలేదు.

‘తిరిగి ఎప్పుడొస్తారు?’

‘ఏటకెల్లినోడు ఎప్పుడొత్తాడని సెప్తాం బావూ?’

గుమస్తా పెన్ను మూత పెట్టబోయాడు.

‘ఇరవై ఆరు’ అంది రత్నం. ‘ఇరవై ఆరో తారీకుకి వచ్చేస్తారండి మా నాన్న.’”

ఇందులో ‘సిగ్గు’ అన్న మాట లేదు, ‘గర్వం’ అన్న మాట కూడా లేదు. ‘బిజినెస్’ అని మొదలుపెట్టిన పిల్ల చివరకు ‘మా నాన్న’ దగ్గరకు వచ్చింది. ఆమెను అక్కడికి తీసుకువచ్చినది పశ్చాత్తాపం అని నేను అనను. దరఖాస్తు చేజారిపోతుందన్న భయంలో, తనకు పుట్టినప్పటి నుంచి తెలిసిన లెక్క ఆమె నోటికి వచ్చేసింది: 15న బోటు బయలుదేరితే పది రోజుల వేట, ఆ మర్నాటికి వేలం, వాటా. తెలియనట్టు నటిస్తున్న ఇంటిని ఆమె ఎంత బాగా ఎరుగునో ఆ తేదీ బయటపెట్టింది. ఆ సంగతి రచయిత ఎక్కడా వివరించలేదని గమనించండి. మీరు కూడా వివరించకండి; ఈ వయసు పాఠకులు వివరణ మొదలవగానే పుస్తకం మూసేస్తారు.

పొలుసు గురించి ఒక మాట. చాలామంది ఈ చోట చేపల వాసన రాస్తారు. రాయవద్దని గట్టిగా చెబుతున్నాను. వాసన అన్నది పేటలోకి కొత్తగా అడుగుపెట్టిన వాళ్ళకు తట్టే మొదటి సంగతి, ఆ ఇంట్లో పుట్టిన పిల్ల ముక్కుకు అది ప్రత్యేకంగా తెలియదు. ఆమె కళ్ళతో కథ చెబుతూ ఆమెకు తెలియని వాసనను రాశారంటే, మీరు ఆమె పక్క నుంచి లేచి గుమస్తా పక్కన కూర్చున్నారన్న మాట. పొలుసు అలా కాదు. గంప దించి, చేతులు కడుక్కుని, జాగ్రత్తగా మడిచి పెట్టిన కాగితం మీద కూడా అది వచ్చి చేరుతుంది. దానిని ఆమె చూడగలదు, తాకగలదు, దాచాలని ప్రయత్నించగలదు. అమెరికాలో 1967లో వెలువడిన ఎస్.ఇ. హింటన్ నవల ‘ది అవుట్‌సైడర్స్’లో ఈ పని జుట్టు చేస్తుంది. నూనె పెట్టి పెంచిన జుట్టు ఆ పేద కుర్రాళ్ళ గుంపుకు గుర్తు. దాక్కోవలసి వచ్చినప్పుడు కథానాయకుడి జుట్టు కత్తిరించి రంగు మార్చేస్తారు, అప్పుడు అతడు పోగొట్టుకున్నది ఏమిటో ఒక్క తాత్త్విక వాక్యం లేకుండా మనకు తెలుస్తుంది. హింటన్ ఆ నవల రాయడం మొదలుపెట్టినప్పుడు ఆమె కూడా బడిలో చదువుకుంటున్న అమ్మాయే.

తల్లి మాటను గురించి కూడా కొందరికి సందేహం రావచ్చు. ‘ఏటి’, ‘ఎల్తాడు’, ‘బావూ’ అని రాస్తే ఇతర ప్రాంతాల వారికి అర్థమవుతుందా అని వెనుకాడకండి. విశాఖలో న్యాయవాదిగా పనిచేసిన రావిశాస్త్రి గారు కోర్టు మెట్ల మీదా సారా కొట్ల దగ్గరా విన్న మాటను ఉన్నదున్నట్టు కథలలో పెట్టారు, ఆ కథలను తెలుగువారందరూ చదివారు. ఇక్కడ మాండలికానికి ఇంకొక పని కూడా ఉంది. రత్నం ఇంట్లో ‘ఏటి’ అంటుంది, కౌంటరు దగ్గర ‘అండీ’ అంటుంది. ఆమె రెండు లోకాల మధ్య గోడ ఆ మాటల తేడాలోనే ఉంది. అయితే ఆ తేడా కోసం తల్లి ప్రతి మాటనూ వంకర చేసి రాయనవసరం లేదు, పలుకుబడి చెవికి అందితే చాలు.

మీ కథ జాలరిపేటది కాకపోవచ్చు. గాజువాక వైపు వారికి నేను చెప్పేది ఒకటే: ‘స్వస్థలం’ అన్న గడిని చూడండి. అక్కడి విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. భూములు ఇచ్చిన కుటుంబాలకు నిర్వాసితులుగా ఆర్-కార్డులు వచ్చాయి. ఆ కార్డు మీద తప్ప మరెక్కడా లేని ఊరిని తాతగారు ఇప్పటికీ ‘మన ఊరు’ అంటుంటే, కాలనీలో పుట్టిన మనవడు ఆ గడిలో ఏమి రాయాలి? ఏజెన్సీ నుంచి వచ్చి నగరంలో హాస్టలులో ఉన్న పిల్లకు ‘మాతృభాష’ గడి ఇటువంటిదే. ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడే పిల్ల దరఖాస్తులో వార్డెను ఆమెను అడగకుండానే ‘తెలుగు’ అని నింపేస్తే, ఆమె కొట్టేసి మళ్ళీ రాస్తుందా, ఊరుకుంటుందా? ఊరుకున్నా అది సన్నివేశమే.

ఒక హెచ్చరిక మిగిలింది. కౌంటరు వెనుక నుంచి ఒక దయగల లెక్చరర్ లేచి వచ్చి, ఫీజు తానే కడతానని రత్నం తల నిమిరే ఘట్టం మీ చేతికి తప్పకుండా వస్తుంది. అటువంటి మంచివారు నిజ జీవితంలో ఉన్నారు, వారికి నమస్కారం. నవలలో మాత్రం ఆయన డబ్బు తీసిన క్షణంలో రత్నం చేయవలసిన పని ఇక ఏమీ ఉండదు, ‘ఇరవై ఆరు’ అనే అవకాశం కూడా ఆమెకు రాదు. ఆయనను ఆ రోజు సెలవు పెట్టించండి.

ఈ వారం అభ్యాసం. నిజమైన దరఖాస్తు ఒకటి సంపాదించండి; కాలేజీది గాని, హాస్టలుది గాని, బస్ పాసుది గాని ఏదైనా సరే. గడులన్నీ చదివి, మీ పాత్ర అన్నిటికన్నా చివర నింపే గడి ఏదో గుర్తించండి. ఆ కుటుంబం క్యాలెండరులో దానికి అడ్డుపడే తేదీని వెతకండి. తేదీ తెలియకపోతే ఊహించవద్దు, ఆ పని చేసేవారిని అడగండి. హార్బరులో వేలం తెల్లవారుజామునే మొదలవుతుంది, ఒక పక్కన నిలబడి వినడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఆ తర్వాత నలభై వరుసలకు మించకుండా సన్నివేశం రాయండి. అలవాటు క్రియ ఒక్కటి కూడా ఉండకూడదు. పాత్ర చెప్పిన జవాబు ఒకటి, మింగేసిన జవాబు ఒకటి ఉండాలి; మింగేసినదాన్ని విడి కాగితం మీద రాసి మీ దగ్గరే ఉంచుకోండి.

ఆ విడి కాగితంతో ఆరవ పాఠంలో పని ఉంది. రత్నం కథను జూన్ 26 ఉదయం నుంచి అందుకుంటాం. అప్పటికి బోటు ఇంకా హార్బరుకు చేరలేదు.