సాయంత్రం దారిని పొద్దున్నే తిరగండి: మందు మానినవాళ్ళకు ఊహ సాధన

మందు మానిన మనిషికి "బాగుపడ్డాక ఎట్లా ఉంటావో ఊహించుకో" అని సలహా ఇచ్చేవాళ్ళకు కొదవ లేదు. అప్పులు తీరిపోయినట్టు, ఇంటికి స్లాబు పడినట్టు, కూతురి పెళ్ళిలో తెల్ల చొక్కా వేసుకుని నిలబడినట్టు ఊహించుకోమంటారు. ఊహ హాయిగానే ఉంటుంది, సాయంత్రానికి మాత్రం అక్కరకు రాదు. అక్కరకొచ్చే ఊహ వేరే ఉంది. ఇవాళ ఆరున్నరకు బండి బ్రాందీ షాపును ఎట్లా దాటుతుంది, పిలిచినవాడికి నోరు ఏం జవాబు చెబుతుంది, ఇంటికి రాగానే చెయ్యి ముందు దేన్ని పట్టుకుంటుంది అన్నది ముందే కళ్ళకు కట్టుకోవడం. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండో రకం గురించే.

ముందుగా ఒక హెచ్చరిక. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు డాక్టరు లేకుండా ఒక్కసారిగా మానకూడదు. చివరి గ్లాసు తర్వాత ఆరేడు గంటల నుంచే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మతి తప్పి, లేనివి కనిపించే ప్రమాదకరమైన స్థితి రావచ్చు. దానివల్ల ప్రాణం పోయే సందర్భాలూ ఉన్నాయి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది, అక్కడ చూపించుకోండి. ఫోన్లో మాట్లాడాలంటే టెలీ మానస్ 14416, మత్తు విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446. ఊహ సాధన వైద్యానికి బదులు కాదు. వణుకు తగ్గి, రాత్రి నాలుగు గంటలైనా నిద్ర పడుతున్నాక మొదలుపెట్టండి. ఇదివరకు చెవిలో మాటలు వినిపించినవాళ్ళు, పాత భయంకర సంఘటనలు కళ్ళముందు మెదిలేవాళ్ళు కౌన్సెలర్ పక్కన ఉండగానే చెయ్యాలి.

కోరిక కూడా ఊహే

డేవిడ్ కవానా, జాకీ ఆండ్రేడ్, జాన్ మే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2005లో కోరిక పుట్టే తీరును వివరించారు. మొదట ఒక ఆలోచన దానంతట అదే వచ్చి పడుతుంది. దాన్ని పట్టించుకోకుంటే పోయేది. కానీ మనసు దాన్ని పట్టుకుని పెంచుతుంది: గ్లాసు చల్లదనం, సోడా బుసబుస, పల్లీల కారం, గొంతులో మంట, పక్కవాడి నవ్వు. ఊహ ఎంత స్పష్టంగా ఉంటే అంత సుఖం. వెంటనే అది చేతిలో లేదన్న బాధ. ఆ బాధే మనిషిని లేపి నడిపిస్తుంది.

ఇందులో మనకు కావలసిన సంగతి ఒకటుంది. మనసులో బొమ్మలు, వాసనలు, శబ్దాలు పట్టే చోటు చాలా ఇరుకు. ఆ చోటులో ఇంకో స్పష్టమైన ఊహ కూర్చుంటే గ్లాసు బొమ్మ వెలవెలబోతుంది. "తాగకూడదు, తాగకూడదు" అని జపం చేస్తే వెలవెలబోదు. తాగకూడదన్న మాట వెనక కూడా ఉండేది గ్లాసే. బొమ్మలో "వద్దు" అన్నది గీయలేం. అందుకని "తాగను" అని ఊహించకండి, ఆ సమయంలో చెయ్యి చేసే వేరే పని ఊహించండి.

1999లో లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ఈ పనికి ఇంకో ఆధారం. మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకున్నవాళ్ళకన్నా, కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకున్నవాళ్ళు పరీక్ష బాగా రాశారు. ఫలితం ఊహిస్తే మనసు పని అయిపోయినట్టే చల్లబడుతుంది.

నెల్లూరు జిల్లావాళ్ళకు దీనికి సొంత ఉదాహరణే ఉంది. అక్షరాస్యత ఉద్యమంలో చదువుకున్న పాఠాల్లో ఒక ఊరి ఆడవాళ్ళు ఒక్కటై సారా కొట్టు మూయించిన కథ వచ్చింది. దూబగుంట ఆడవాళ్ళు అదే పని నిజంగా చేశారు. 1992లో అది జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. వాళ్ళ తెగువను ఒక్క పాఠానికి కట్టబెట్టడం తప్పే. కానీ ఎవరు ఏం చేశారో చెప్పిన కథ మనిషిని కదిలించినంతగా "తాగుడు చెడ్డది" అన్న గోడమీద నినాదం కదిలించదు.

ఏ సీను కట్టాలి

ఒక వారం పాటు చిన్న నోటుబుక్కులో రాయండి: ఏ టైముకు మనసు లాగింది, ఎక్కడ, పక్కన ఎవరు, చివరిసారి తిని ఎన్ని గంటలైంది. నాలుగు మాటలు చాలు. వారం తిరిగేసరికి రెండు మూడు చోట్లే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. రొయ్యల చెరువు కాడ పని దిగాక సెంటర్లో ఆగే పదినిమిషాలు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ కాడ రాత్రి మేలుకోవాల్సిన గంటలు. చీమకుర్తి క్వారీలో వారం కూలి చేతికొచ్చిన సాయంత్రం. పెళ్ళిళ్ళు, పెద్దకర్మలు, తిరునాళ్ళు, ఎన్నికలు వీటికి అదనం.

అన్నిటికీ ఒకే సీను పనికిరాదు. ఎక్కువసార్లు వచ్చినదాన్ని ఒక్కటే తీసుకుని, దానికి నాలుగు భాగాలు పెట్టండి. మొదలు, అడ్డం, జవాబు, ముగింపు. మనస్తత్వ శాస్త్రవేత్త గాబ్రియేలె ఎటింగెన్ పరిశోధనలు తేల్చింది అడ్డం గురించే. కోరుకున్నదాన్ని మాత్రమే తలుచుకుంటే ఊపు తగ్గుతుంది, దాని పక్కనే మనలోని అడ్డాన్ని కూడా చూసుకుంటే ప్రయత్నం నిలుస్తుంది. జవాబు ఎప్పుడూ "ఇట్లా అయితే, ఇది చేస్తా" అన్న రూపంలో ఉండాలి. పీటర్ గోల్విట్సర్ అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త చూపించినట్టు, సందర్భం ముందే తెలిసి ఉంటే చెయ్యాల్సిన పని దానంతట గుర్తుకొస్తుంది.

నెల్లూరు రొట్టెల పండుగలో, బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఆరోగ్యం రొట్టె పట్టుకున్నవాళ్ళకూ ఇదే చెప్పాలి. కోరిక తీరితే వచ్చే ఏడు వచ్చి రొట్టె వదలాలి కాబట్టి గడువు తేదీ తయారుగా ఉంది. ఇక కావలసింది ఇంటి నుంచి చెరువు దాకా కాదు, పని నుంచి ఇంటి దాకా దారి.

సీను రాసుకోవడం

మీ మాటల్లో, మీ యాసలో రాయండి. పుస్తకాల భాషలో రాస్తే మనసు పట్టుకోదు. రొయ్యల చెరువు మీద పనిచేసే మనిషికి ఇట్లా ఉండొచ్చు:

"ఆరున్నర అయింది. షెడ్డుకు తాళం ఏస్తా ఉండా, ఇనుము చేతికి చల్లగా తగలతా ఉంది. వెనక ఏరియేటర్లు తిరిగే చప్పుడు. ఐదున్నరకే రెండు దోసెలు తిన్నా, కడుపు నిండుగా ఉంది. బండి తీసినా. సెంటర్ వచ్చింది. ఎడం పక్క షాపు, లైట్లు కనపడతా ఉండాయి. గుండె దడగా ఉంది, ఉండనీ. బావ చెయ్యెత్తినాడు. 'ఏంది బావా, ఆగవా?' అంటా ఉండాడు. కాలు కింద పెట్టలా. 'మాత్రలు వాడతా ఉండా బావా, పొద్దున టీ కాడ కలుద్దాం' అన్నా. హ్యాండిలు కుడికి తిప్పినా. గాలి మొహాన కొడతా ఉంది. ఇల్లొచ్చింది. కాళ్ళు కడుక్కున్నా. పాప పుస్తకం ముందేసుకోని కూర్చోనుంది. కంచంలో వేడన్నం, పొగలు."

ఇందులో ఏ ముక్కా ఊరికే పెట్టలేదు. ఐదున్నర దోసెలు ఎందుకంటే, ఆకలితో ఉన్న మనిషికి మందు మీద లాగుడు ఎక్కువ. గుండె దడ ఎందుకంటే, అది లేని సీను అబద్ధం. నిజంగా దడ వచ్చినప్పుడు "ఇదేంది, ఊహలో లేదే" అని మనిషి కంగారుపడతాడు. కాలు కింద పెట్టకపోవడమే అసలు నిర్ణయం. బండి ఆపాక మాటతో గెలవడం కష్టం. జవాబులో కారణం ఒక్కటే ఉంది, వెంటనే వేరే ఆహ్వానం ఉంది. బావ నొచ్చుకోడు, వాదన పెట్టుకోవడానికి సందూ దొరకదు. ముగింపు ఆ రాత్రి దొరికేదే, పదేళ్ళ తర్వాతది కాదు.

కూర్చుని చెయ్యడం

పొద్దున ఒకసారి, ప్రమాదపు వేళకు అరగంట ముందు ఒకసారి. ఒక్కోసారికి ఐదు నిమిషాలు దాటక్కర్లేదు. పడుకుని చెయ్యకండి, నిద్రపోతారు. కుర్చీలోనో అరుగు మీదో వీపు ఆనించి కూర్చోండి. నాలుగుసార్లు నిదానంగా ఊపిరి వదిలి, సీను మొదలుపెట్టండి.

మీ కళ్ళలోంచే చూడండి. సినిమాలో మిమ్మల్ని మీరు దూరంనుంచి చూసినట్టు చూస్తే వాసన, స్పర్శ రావు. వేగం నిజంలో ఎంతో ఊహలోనూ అంతే ఉండాలి. సెంటర్ దాటడానికి ఇరవై సెకన్లు పడితే ఊహలోనూ ఇరవై సెకన్లు పట్టాలి. చాలామంది సరిగ్గా షాపు దగ్గరే గబగబా దాటేస్తారు. సాధన కావలసింది అక్కడే కాబట్టి ఆ ముక్కను రెండుసార్లు తిప్పండి. జవాబు మాటను మాత్రం పైకి, గొంతెత్తి అనండి. నోటికి అలవాటు కాని మాట సమయానికి రాదు.

సీనును ఫోన్లో మీ గొంతుతోనే రికార్డు చేసుకోవచ్చు, మూడు నిమిషాలు. వారం విన్నాక రికార్డు లేకుండా చెయ్యండి. ఆ తర్వాత దాన్ని రోజూ చేసే ఒక పనికి ముడేయండి. బండి తాళంచెవి చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ "కుడికి తిప్పినా" అన్న ముక్క ఒక్కటి, రెండు సెకన్లు.

కొందరికి కళ్ళు మూస్తే నల్లగా తప్ప ఏమీ కనపడదు. ఇది లోపం కాదు. ఆడమ్ జెమన్ అనే నరాల వైద్యుడు 2015లో దీనికి అఫాంటేసియా అని పేరు పెట్టాడు. అట్లాంటివాళ్ళు బొమ్మకోసం తంటాలు పడకుండా చప్పుళ్ళు, చేతికి తగిలేవి, మాటలు వాడాలి. లేదా సీనును నిజంగానే చేసెయ్యాలి: మధ్యాహ్నం షాపు ముందు జనం లేనప్పుడు బండి మీద ఆ మలుపు నాలుగుసార్లు తిరగడం.

కోరిక మీద పడ్డప్పుడు

పై సాధన ముందు జాగ్రత్త. అప్పటికప్పుడు వచ్చే లాగుడుకు పొట్టి ఊహ వేరే కావాలి. లాగుడు సాధారణంగా పెరిగి, కాసేపు నిలబడి, తగ్గుతుంది. అరగంట గడిపేస్తే చాలావరకు తేలిపోతారు. ఆ అరగంటలో మనసులోని ఇరుకు చోటును ఆక్రమించాలి. బొమ్మ, వాసన రెండూ ఉన్న ఊహ పెట్టండి: నిమ్మ తోటలో ఆకు తెంపి నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నట్టు, చాపమీద వేపాకులు ఎండుతున్నట్టు. ఫోన్లో ముక్కలు పేర్చే టెట్రిస్ లాంటి ఆట మూడు నిమిషాలు ఆడినా లాగుడు తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది, కంటి ఊహను ఆట లాక్కుంటుంది కాబట్టి. రమ్మీ మాత్రం తెరవకండి, అది వేరే రోగం.

ఇంటర్నెట్లో దొరికే ధ్యానం ఆడియోలు చాలా "ప్రశాంతమైన సముద్ర తీరం ఊహించుకోండి" అంటాయి. నెల్లూరు మనిషికి సముద్ర తీరమంటే మైపాడు, ఒంగోలు మనిషికి కొత్తపట్నం. చాలామందికి సిట్టింగు వేసిన చోటు అదే. కళ్ళు మూసుకుని అలల చప్పుడు తెచ్చుకున్న రెండో నిమిషంలో గ్లాసు కనిపిస్తుంది. ఏ చోటు ఎంచుకున్నా ముందు అడగండి: ఇక్కడ ఎప్పుడైనా తాగానా? నిమ్మకాయ సోడాలో కలుపుకు తాగిన అలవాటుంటే నిమ్మాకు కూడా పనికిరాదు, మల్లెపూలో సాంబ్రాణో తీసుకోండి.

ఎక్కడ చెడుతుంది

ఊహలో మీరే బండి ఆపి షాపులోకి వెళ్ళిపోవడం చాలామందికి జరుగుతుంది. భయపడి ఆపెయ్యకండి. బండి ఆగకముందు క్షణానికి వెనక్కి రండి, నిదానంగా మళ్ళీ నడిపించండి. మూడుసార్లూ అక్కడే ఆగుతుంటే సీనులో ఏదో లేదు. చాలావరకు జవాబు మాట తయారుగా లేకపోవడం, లేదా ఆ దారే తప్పు కావడం. దారి మార్చండి, రెండు కిలోమీటర్లు ఎక్కువైనా సరే.

చెడిపోయిన లివరు, ఆసుపత్రి మంచం, ఏడ్చే పిల్లలు అంటూ భయపు బొమ్మలు రోజూ చూసుకుంటే సిగ్గు, దిగులు పెరుగుతాయి. ఆ దిగులు దించుకోవడానికి మనిషికి తెలిసిన మందు ఒక్కటే. రెండు మూడు వారాలకు సీను పాతబడి, యాంత్రికంగా నడుస్తుంది. అప్పుడు ఒక వివరం మార్చండి: వాన పడుతున్నట్టు, బావ బదులు యజమాని పిలిచినట్టు.

ఇంట్లోవాళ్ళకు ఒక మాట. సాయంత్రం "ఇవాళ తాగవు గదా?" అని అడిగితే గ్లాసును మీరే గుర్తుచేసినట్టు. "ఏ దారిన వస్తా ఉండావు, ఎన్నింటికి అన్నం పెట్టేది?" అని అడగండి. మనిషికి తెలియకుండా అన్నంలో మందు మాన్పించే మాత్ర కలపడం మన పల్లెల్లో ఉంది. డైసల్ఫిరామ్ అనే ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ మాత్ర డాక్టరు రాసి, వేసుకునే మనిషికి తెలిసి మాత్రమే వాడాలి.

జారిన మర్నాటికి సీను

జారిన తర్వాత "ఇక అంతా పోయింది" అన్న ఆలోచనే మనిషిని రెండో క్వార్టరుకు తీసుకెళ్తుంది. కాబట్టి జారకముందే ఒక సీను సిద్ధం చేసి పెట్టుకోవాలి: పొద్దున లేవడం, నోరు చేదు, రెండు చెంబుల నీళ్ళు, టిఫిను, డాక్టరుకో కౌన్సెలరుకో ఫోన్, అవతలి గొంతు, మీరు అనే మొదటి మాట "నిన్న తాగినా సార్, ఎంత తాగినానంటే". వారానికి ఒకసారి దీన్ని తిప్పితే చాలు. వరసగా రెండు మూడు రోజులు తాగి ఉంటే మళ్ళీ ఆపేటప్పుడు వణుకు, ఫిట్స్ ప్రమాదం మళ్ళీ ఉండొచ్చు, కాబట్టి ఆ ఫోన్ సీనులో ఆసుపత్రికి వెళ్ళే బస్సు కూడా ఉండాలి. కోలుకున్నాక పాత సీనుకే తిరిగి వెళ్ళండి, ఒక్క మార్పుతో: జారిన చోటు ఎక్కడో అక్కడినుంచి మొదలుపెట్టి.