పేటెంట్ పాఠాలు – 4: ప్రొవిజనల్‌లో ఏం రాయాలి, మరోసారి

ఈ వారం క్లెయిమ్‌లు (ఇది నాది అని హక్కు కోరే వాక్యాలు) మొదలుపెట్టాలి. కానీ పోయిన పాఠం చదివి మీరు పంపిన ప్రొవిజనల్ స్పెసిఫికేషన్లు (తేదీ దక్కించుకోవడానికి ముందుగా వేసే తాత్కాలిక వివరణలు) చూశాక, వీటిని ఇలా వదిలేసి ముందుకెళ్లడం మంచిది కాదనిపించింది. ఆదివారం అన్నానగర్ సెమినార్‌లోనూ ప్రశ్నలన్నీ దీని మీదే వచ్చాయి.

ప్రొవిజనల్‌కి క్లెయిమ్‌లు అక్కర్లేదన్నాను. చాలామంది వివరాలే అక్కర్లేదనుకున్నారు. పెరంబూరు నుంచి ఒకాయన వెట్ గ్రైండర్‌కి చక్కటి ఏర్పాటు కనిపెట్టారు. రాసింది మాత్రం ఇది: "పిండి గట్టిపడినప్పుడు మోటార్‌పై భారం తగ్గించే వినూత్న యంత్రాంగం. కరెంటు ఆదా, గృహిణులకు ఎంతో ఉపయోగం." ఇది కరపత్రం. అది ఏం చేస్తుందో ఉంది, ఎలా చేస్తుందో లేదు.

ఇలా రాయాలి: "రాయి ఇరుసును పైనుంచి ఒక స్ప్రింగ్ నొక్కి పట్టుకుంటుంది. గట్టిపడిన పిండి రాయిని నెట్టినప్పుడు స్ప్రింగ్ అణిగి రాయి పైకి లేస్తుంది. రాయికీ పాత్ర అడుగుకీ మధ్య సందు పెరిగి మోటార్‌పై భారం తగ్గుతుంది. స్ప్రింగ్ బదులు బరువు గానీ రబ్బరు దిమ్మ గానీ పెట్టవచ్చు."

ఆ చివరి వాక్యం చాలా ముఖ్యం. ఎందుకో చూడండి. జనవరిలో మీరు స్ప్రింగ్ ఒక్కటే రాసి ప్రొవిజనల్ వేశారనుకోండి. జూన్‌లో ఇంకెవరో బరువుతో పనిచేసే గ్రైండర్ వీడియో యూట్యూబ్‌లో పెట్టారు. డిసెంబర్‌లో మీరు కంప్లీట్ స్పెసిఫికేషన్ (క్లెయిమ్‌లతో కూడిన పూర్తి వివరణ) వేస్తూ బరువునీ చేర్చారు. స్ప్రింగ్ క్లెయిమ్‌కి జనవరి తేదీ దక్కుతుంది. బరువు క్లెయిమ్‌కి డిసెంబర్ తేదీయే, అప్పటికే ఆ వీడియో బయట ఉంది కాబట్టి అది కొత్తది కాదు. వీడియో పెట్టింది మీరే అయినా అంతే. పేటెంట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, మీరు కాగితం మీద పెట్టిన దానికే ఆ కాగితం తేదీ వస్తుంది. మనసులో ఉన్నదానికి రాదు. మంచి ఆలోచనలున్న మనుషులు ఇక్కడే నష్టపోతుంటే చూడలేకపోతున్నాను.

ఇప్పటికే వేసేసినవాళ్లు టెన్షన్ పడొద్దు. కొత్త మార్పుకి ఇంకో ప్రొవిజనల్ వేసి, రెండింటినీ కలిపి ఒకే కంప్లీట్ వేయొచ్చు. వ్యక్తులకి ఆన్‌లైన్‌లో ఫీజు 1,600 రూపాయలు. నేనైతే మార్పు తోచిన వారంలోనే వేస్తాను. గడువు మాత్రం మొదటి ప్రొవిజనల్ నుంచి 12 నెలలు. ఒక్క రోజు దాటినా దరఖాస్తు వదిలేసినట్టే లెక్క.

బొమ్మ తప్పనిసరి కాదంటారు. నాకు బొమ్మ లేని ప్రొవిజనల్ నచ్చదు. పెన్సిల్‌తో గీసినా సరే, భాగాలకి అంకెలు వేసి జతచేయండి.

నెల్లూరు, విజయవాడ నుంచి అడిగినవాళ్లకి: మీరూ గిండీలోని చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకే వస్తారు. ఈ-ఫైలింగ్ చేస్తే ఇంత దూరం రానక్కర్లేదు.

అభ్యాసం: మీ ప్రొవిజనల్‌ని బొమ్మ తీసేసి తెలిసిన లేత్ మేస్త్రీ చేతిలో పెట్టండి. ముందుగా, బయట చెప్పనని సంతకం తీసుకోండి. అది చదివి ఆయన యంత్రం బొమ్మ గీయాలి, మీరు నోరు విప్పకూడదు. ఆయన ఎక్కడ ఆగి ప్రశ్న అడిగితే అక్కడ జవాబు రాసి, మర్నాడు మరొకరికి ఇవ్వండి. ఒక్క ప్రశ్న కూడా లేకుండా బొమ్మ పూర్తయ్యే దాకా ఇలాగే చేసి, ఆ ప్రతినే నాకు పంపండి.