ఎండాకాలపు మేతకు మండ కొట్టే పద్ధతి

చిత్తూరు జిల్లాలో పలమనేరు, వి.కోట, కుప్పం వైపు మెట్ట పొలాల్లో, శివరాత్రి దాటేసరికి బీళ్లలో గడ్డి మాడిపోతుంది. అప్పుడు పశువుల మేతకు మండ, అంటే ఆకుతో ఉన్న కొమ్మలు, కొట్టడానికి దోటి (కొనకు కొడవలి కట్టిన పొడవాటి గడ) పట్టుకొని బయలుదేరడం చాలామందికి అలవాటు. అయితే దిరిసెన వంటి చెట్లు అప్పటికే ఆకు రాల్చి ఉంటాయి కనుక, ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గిన తర్వాత, ఆకు రాలకముందే మండ కొట్టి దాచుకోవడం మేలు.

కొట్టేటప్పుడు చెట్టు తలభాగంలో కనీసం మూడోవంతు కొమ్మలను ముట్టుకోకూడదు. గట్ల మీది నారేపి, వేప, దిరిసెన చెట్లను వంతులుగా విభజించి, ఈ ఏడు కొట్టినవాటికి వచ్చే ఏడు విశ్రాంతినివ్వాలి. మేకలకు తల అందేంత ఎత్తున ఉన్న లేత మొక్కలకు కంచె తప్పనిసరి. రేగు పొదలను మాత్రం జీవాలే మేస్తాయి, వాటికి కత్తి అవసరం లేదు. ఇదంతా సొంత పొలానికి వర్తించే మాట. తిరుపతి వైపు శేషాచలం అడవుల్లో, ముఖ్యంగా శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం పరిధిలో, కొమ్మ కొట్టడం నేరం.

కొట్టిన మండను ఎండలో పడేయకుండా నీడన పలుచగా పరచి, ఆకు గలగలమనే వరకు ఆరనిచ్చి, దులిపి గోతాల్లో నింపాలి. తేమ మిగిలితే బూజు పడుతుంది, బూజు పట్టిన ఆకును పశువుకు పెట్టనేకూడదు.

ఆకును ఒక్కదాన్నే కడుపునిండా పెట్టడం సరికాదు. వరిగడ్డిలో మాంసకృత్తులు బహు తక్కువ, దిరిసెన వంటి కాయధాన్య జాతి ఆకుల్లో ఎక్కువ. అందువల్ల గడ్డికో వేరుసెనగ కట్టెకో తోడుగా, మొత్తం మేతలో మూడోవంతుకు మించకుండా, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. నల్ల తుమ్మ ఆకులో, కాయలో వగరు ఎక్కువ. ఆ వగరుకు కారణమైన టానిన్లు మాంసకృత్తులను పట్టి ఉంచి జీర్ణం కానివ్వవు. మేకలు దీన్ని కొంతవరకు తట్టుకుంటాయి, ఆవులు, గొర్రెలు అంతగా తట్టుకోలేవు.

సర్కారు తుమ్మ మన నేల చెట్టు కాకపోయినా దాని తీపి కాయలను జీవాలు ఇష్టపడతాయి. కాయలను అలాగే వేస్తే గింజలు అరగక పేడతో, పెంటికలతో పొలంలో పడి మొలుస్తాయి కాబట్టి, బాగా ఎండబెట్టి గింజతో సహా పిండి పట్టించి, దాణాలో కొంత భాగంగానే కలపాలి. గన్నేరు, లాంటానా రొట్ట మాత్రం విషం. అవి ఒక్క రెమ్మ కూడా మోపులో కలవకుండా, కట్టే ముందే ఏరేయాలి.