డాక్టరు చెప్పిన జబ్బు మీద అనుమానం వస్తే అడగడం ఎలా

మా అమ్మకు మోకాళ్లు, నడుము పట్టేయడం మొదలైనప్పుడు మేము మొదట చూపించిన దవాఖానలో కీళ్లవాతమని చెప్పారు. మూడేళ్లు నొప్పి గోలీలు వాడింది. నాలుగో ఏట వేరొక డాక్టరు గారు మందుల చీటీ రాయబోతూ ఆగి, "ఏ నీళ్లు తాగి పెరిగావమ్మా?" అని అడిగారు. నల్లగొండ జిల్లా మునుగోడు వైపు పల్లెలో ముప్పై ఏళ్లు బోరు నీళ్లే తాగిందని తెలిశాక ముంజేతికి ఎక్స్‌రే తీయించి, రెండు ఎముకల నడుమ ఉండే పలుచని పొర గట్టిపడి తెల్లగా కనబడుతున్న చోటును మాకు వేలితో చూపించి, ఇది నీళ్లలోని ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్ అని వివరించారు. ఎముకలో వచ్చిన ఆ మార్పు ఇక వెనక్కి పోదు. అయితే ఒంట్లో చేరిన ఫ్లోరైడును బయటికి పంపవలసినవి మూత్రపిండాలు, ఏళ్ల తరబడి మింగిన నొప్పి గోలీలు దెబ్బతీసేదీ వాటినే. అందువల్ల జబ్బు పేరు సరిగ్గా తెలిసి ఆ గోలీల విషయంలో జాగ్రత్తపడడం మా అమ్మకు ఆలస్యంగానైనా మేలు చేసింది. మొదటి డాక్టరు నీళ్ల సంగతి అడగలేదు, మేమూ చెప్పలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్న నీళ్లు తాగరాదన్న మాట మా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, అయినా ఆ గదిలో కూర్చున్నప్పుడు అది మా నోట రాలేదు. ఇంటింటికీ మంచినీళ్లిచ్చే సర్కారు పథకం మిషన్ భగీరథ నల్లా వచ్చింది కదా అని ఈ సంగతి పాతబడిపోలేదు, ఎందుకంటే పెద్దవాళ్ల ఎముకలు అంతకు ముందటి నీళ్లతో పెరిగినవి.

కాబట్టి రోగి డాక్టరును ప్రశ్నించవచ్చునా అని ఎవరైనా అడిగితే, ప్రశ్నించాలి అనే నా జవాబు. రోగ నిర్ధారణ అనేది ఆ పూట మనం చెప్పినదాన్ని, ఆయన చూసినదాన్ని, చేతికి వచ్చిన రిపోర్టులను కలిపి డాక్టరు చేసే అంచనా. అందులో మనం చెప్పవలసిన భాగం లోపిస్తే ఎంత చదివిన డాక్టరైనా పొరబడవచ్చు. అడగడం ఆయన చదువును శంకించడం కాదు. ఆ అంచనాకు కావలసిన సరుకును మన వంతుగా అందించడం.

అందుకే పని ఇంటి దగ్గరే మొదలుపెట్టాలి. దవాఖానకు బయలుదేరే ముందు ఒక కాగితం మీద బాధ ఎప్పుడు మొదలైందో, రాత్రి ఎక్కువా పగలు ఎక్కువా, దేనితో పెరుగుతుందో, దేనితో తగ్గుతుందో రాసుకోండి. దాని కింద మీ పని రాయండి. పత్తి చేనులో మందు కొట్టిన మరునాడు వచ్చిన తలనొప్పి, వాంతులు వేరు. ఊరికే వచ్చినవి వేరు. క్రషర్‌లోనో, పలుగురాయి పొడి చేసే మిల్లులోనో ఏళ్లు పనిచేసిన మనిషికి దగ్గు, ఆయాసం ఉంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. రాతి ధూళి వల్ల వచ్చే సిలికోసిస్ ఛాతీ ఎక్స్‌రేలో టీబీని పోలి ఉండవచ్చు, పైగా సిలికోసిస్ ఉన్నవారికి టీబీ సోకే ప్రమాదమూ ఎక్కువే. అందుచేత అక్కడ అడగవలసింది "ఇదా, అదా" అని కాదు, "కళ్లె పరీక్షలో టీబీ క్రిములు కనబడ్డాయా, లేక ఎక్స్‌రే ఒక్కటే చూసి మందులు మొదలుపెడుతున్నారా?" అని. సర్కారు దవాఖానల్లో సీబీనాట్, ట్రూనాట్ అనే కళ్లె పరీక్షలు డబ్బు తీసుకోకుండా చేస్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీ వేసిన సూదులు, నాటు మందులు, పక్కింటివారు ఇచ్చిన గోలీలు కూడా దాచకుండా చెప్పండి. పేర్లు గుర్తులేకపోతే ఖాళీ అట్టలు పట్టుకుపోతే చాలు.

డాక్టరు ఎదుట కూర్చున్నాక సమయం కొద్దిగానే ఉంటుంది. ఓపీలో మీ వెనుక వందమంది నిలబడి ఉంటారు కాబట్టి మూడు ప్రశ్నలకు మించి పెట్టుకోవద్దని నా సలహా. మొదటిది: "సార్, ఏం చూసి ఈ జబ్బు అనుకుంటున్నరు?" దీనికి వచ్చే జవాబులో రిపోర్టు మాట ఉందా, పరీక్ష చేయకుండా చెప్పిన అంచనా మాత్రమే ఉందా అన్నది మీకు తెలిసిపోతుంది. అంచనా అయినంత మాత్రాన తప్పని కాదు, అనుభవం మీద చెప్పినవి ఎన్నో నిజమవుతాయి. రెండవది: "ఇది కాకుంట ఇంకేమన్న అయ్యేటట్టు ఉన్నదా?" నాకు తెలిసి అన్నిటిలోకీ విలువైన ప్రశ్న ఇదే, ఎందుకంటే ఒక పేరు మనసులో పడ్డాక దానికి సరిపోయే లక్షణాలే కనబడడం ఎవరికైనా సహజం, ఈ మాట వినగానే మంచి డాక్టరు ఒక్క క్షణం వెనక్కి వెళ్లి రెండో జబ్బు సంగతి ఆలోచిస్తారు. మూడవది: "ఎన్ని దినాలకు తగ్గాలె, తగ్గకుంటే ఏం చూసుకొని మళ్ల రావాలె?" ఆయన చెప్పిన గడువు దాటినా తగ్గకపోతే మళ్లీ అడగడానికి మీకు ఆయన మాటే ఆధారమవుతుంది.

"యూట్యూబులో ఇట్ల చెప్పిండ్రు" అని మొదలుపెడితే ఆ సంభాషణ అక్కడే చెడుతుంది. అక్కడ చూసి భయపడిన లక్షణం నిజంగా మీకుంటే ఆ లక్షణాన్నే చెప్పండి.

ఇక మా ప్రాంతంలో ఎక్కువగా వినబడే మాట టైఫాయిడ్. రెండు రోజుల జ్వరానికి విడాల్ పరీక్ష చేసి "టైఫాయిడ్ ఉన్నది" అని చెప్పి సెలైన్లు, సూదులు మొదలుపెట్టడం పల్లెల్లో చాలా చోట్ల చూస్తాము. విడాల్ రక్తంలోని ప్రతిరక్షకాలను, అంటే క్రిములతో పోరాడడానికి ఒళ్లు తయారుచేసుకొనే పదార్థాలను చూస్తుంది గనుక గతంలో వచ్చిన జ్వరానికీ, మరో రకం ఇన్‌ఫెక్షన్‌కూ అది పాజిటివ్ చూపించవచ్చు. మొదటి రోజుల్లో నిజమైన టైఫాయిడ్‌నే పట్టుకోకపోవచ్చు. నమ్మదగినది రక్తంలోని క్రిములను పెంచి చూసే బ్లడ్ కల్చర్, దానికి యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే రక్తం తీయడం మేలు. కాబట్టి సూది వేయక ముందే "కల్చర్‌కు రక్తం తీస్తరా?" అని అడగండి. డెంగీ విషయంలోనూ ఏ రోజున ఏ పరీక్ష అన్నది ముఖ్యం: జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 అనే రక్త పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం అనే పరీక్ష ఎక్కువ ఉపయోగపడతాయి. ప్లేట్‌లెట్లు పడిపోయాయని వాటిని ఎక్కించాలంటే, రక్తస్రావం ఉందా, లెక్క 10,000 కన్నా తగ్గిందా అని అడగడం న్యాయమైన ప్రశ్న. షుగర్ సంగతి కూడా ఇలాంటిదే. ఏ లక్షణమూ లేని మనిషికి ఒక్కసారి పరగడుపున 126 దాటినంత మాత్రాన జీవితాంతపు ముద్ర వేయరు, రెండో పరీక్షతో రూఢి చేసుకుంటారు. రక్తహీనత ఉన్నవారిలో మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టించవచ్చు, మన పల్లె ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో అందరికీ తెలిసిందే.

ఆపరేషన్ మాట వచ్చినప్పుడు మాత్రం రెండో అభిప్రాయం తీసుకోకుండా సంతకం పెట్టవద్దు. ముఖ్యంగా గర్భసంచి ఆపరేషన్. తెల్లబట్ట అవుతుందనో, నడుము నొప్పి అనో దవాఖానకు పోయిన ముప్పై అయిదేళ్ల మనిషికి "తీసేయకపోతే క్యాన్సరవుతుంది" అని చెప్పి భయపెట్టడం మన వైపు ఎందరో ఆడవాళ్ల అనుభవం. స్కానింగులో ఏం కనబడింది, మందులతో ముందు ప్రయత్నించారా, అండాశయాలు కూడా తీస్తారా అని అడగాలి, ఎందుకంటే అవి పోతే ముట్లు ఆగే దశ ముందే వచ్చి ఎముకలు పలుచబడతాయి. పరీక్ష కోసం ఇచ్చిన అనుమతితో గర్భసంచి, అండాశయాలు తీసివేయడం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లి కేసులో స్పష్టంగా చెప్పింది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అడ్డుకొనే కేంద్ర మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో మళ్లీ ఆదేశించింది. కాబట్టి "ఇంటికి పోయి ఆలోచించుకొని వస్తం మేడం" అనడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

రెండో డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మొదటి చోట అడ్మిట్ అయి ఉంటే కేసు షీట్ నకలు రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. అక్కడ ముందుగా బాధను, రిపోర్టులను చూపించి, ఆయన అభిప్రాయం విన్న తర్వాత మొదటి డాక్టరు చెప్పిన పేరు బయటపెడితే రెండో ఆలోచన స్వతంత్రంగా వస్తుంది. అప్పటికే వాడుతున్న మందులను మాత్రం మొదటే చెప్పాలి. దీనికోసం హైదరాబాదు నిమ్స్‌కే పోనక్కరలేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. మొదటి దవాఖానకు మిమ్మల్ని పంపిన మనిషే రెండో చోటు కూడా చెబితే ఒప్పుకోకండి. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం ఆ నియమావళిలోనే నిషిద్ధం.

ప్రశ్నలన్నీ పక్కన పెట్టవలసిన వేళలూ ఉన్నాయి. మూతి వంకర పోయినా, ఒక చేయి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు, రక్తపు గడ్డను కరిగించే మందుకు దాదాపు నాలుగున్నర గంటల గడువే ఉంటుంది. పాము కరిచినా, కాన్పు తర్వాత రక్తం ఆగకపోయినా 108కి ఫోన్ చేసి అందుబాటులో ఉన్న డాక్టరు చెప్పినట్టు చేయండి, సందేహాలు తర్వాత తీర్చుకోవచ్చు. ఛాతీ నొప్పి దగ్గర మాత్రం ఒక్క ప్రశ్న తప్పక అడగండి. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవారిలో గుండెపోటు కొన్నిసార్లు గుండెలో నొప్పిగా కాకుండా కడుపులో మంటగా, దవడ నొప్పిగా, ఆయాసంగా కనబడుతుంది గనుక "గ్యాసే" అని గోలీ చేతిలో పెడితే, "ఈసీజీ తీస్తరా సార్?" అని అడగండి. మొదటి ఈసీజీ బాగున్నా నొప్పి పోకపోతే మళ్లీ తీయమనండి.

అనుమానం ఉందని టీబీ, షుగర్, బీపీ మందులను మీ అంతట మీరు ఆపవద్దు. రెండో అభిప్రాయం వచ్చేదాకా వాడుతూనే ఉండాలి. డాక్టరు విసుక్కుంటే, అక్కడే వాదనకు దిగకుండా బయట సిస్టరుతో మాట్లాడండి, లేదా చదువుకున్న బంధువును వెంటబెట్టుకొని మరో ఓపీ రోజున రండి. అప్పటికీ జవాబు రాకపోతే డాక్టరును మార్చుకోవడం మీ హక్కు.

చివరగా కాగితాల సంగతి. పాలమూరు నుంచి ముంబై, పుణెకు వలస వెళ్లే కుటుంబాల్లో సగం చికిత్స అక్కడ, సగం ఇక్కడ జరుగుతుంది, ఏ డాక్టరుకూ మొత్తం కథ కనబడదు. ప్రతి చీటీని, ప్రతి రిపోర్టును తేదీల వరుసలో ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టండి, ఎక్స్‌రే ఫిల్ములను మడవకండి, అన్నిటినీ ఫోన్‌లో ఫోటో తీసి ఇంట్లో ఉన్న ఒకరికి వాట్సాప్‌లో పంపండి. మా అమ్మ కవరులో ఆ ముంజేతి ఎక్స్‌రే అన్నిటికన్నా పైన ఉంటుంది. ఎవరైనా కొత్త డాక్టరు నొప్పి గోలీ రాయబోతే ఆమె ముందుగా దాన్నే తీసి బల్ల మీద పెడుతుంది.