బైక్‌లో ఏ ఆయిల్ పోయాలి, ఎంత ఉందో ఎలా చూడాలి

మొన్న మా బావ స్ప్లెండర్ తీసుకెళ్తే ఎక్సలేటర్ ఎంత తిప్పినా ఇంజిన్ గోల పెడుతోందే గానీ బండి లాగట్లేదు. క్లచ్ ప్లేట్లు పోయాయి బావా అన్నా, తీరా అడిగితే కార్‌కి తెచ్చిన ఆయిల్ మిగిలింది వేస్ట్ ఎందుకని ఇందులో పోసేశాడంట.

కార్లో క్లచ్ వేరే ఉంటుంది, పొడిగా. మన బైకుల్లో అలా కాదు, ఇంజిన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఒకే ఆయిల్‌లో తడుస్తుంటాయి. కార్ ఆయిళ్ళలో మైలేజ్ కోసమని జారుడు పెంచేవి కలుపుతారు, అవి క్లచ్‌కి పడితే ప్లేట్లు పట్టుకోకుండా జారిపోతాయి. అందుకే కంపెనీ పేరు కంటే ముందు డబ్బా వెనక్కి తిప్పి జాసో (JASO, బండి ఆయిళ్ళకి జపాన్ వాళ్ళు పెట్టిన ప్రమాణం) ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉందో లేదో చూడండి. జాసో ఎంబీ అని ఉంటే అది యాక్టివా లాంటి గేర్‌లెస్ స్కూటర్లది, గేర్ బండికి వద్దు.

తర్వాత నంబర్. 10డబ్ల్యూ30 అంటే మొదటిది చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెప్తుంది, రెండోది వేడి మీద ఎంత చిక్కగా ఉంటుందో. స్ప్లెండర్, షైన్ లాంటివాటికి 10డబ్ల్యూ30, పల్సర్ 150కి 20డబ్ల్యూ50, ఎన్‌ఫీల్డ్ 350లకి 15డబ్ల్యూ50 వాడతారు, అయినా మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి బండితో ఇచ్చిన బుక్ ఓసారి తీయండి, సీటు కిందో బీరువాలోనో ఉంటుంది. రామగుండం ఎండలకి చిక్కటిదే పోయాలి అని షెడ్డులో చెప్తుంటారు గానీ ఆ రెండో నంబర్ కొలిచేదే 100 డిగ్రీల దగ్గర, బయట 45 ఉందని స్ప్లెండర్‌లో 20డబ్ల్యూ50 పోస్తే పికప్, మైలేజ్ తగ్గడం తప్ప ఒరిగేదేం లేదు. 100 సీసీ బండికి ఖరీదైన సింథటిక్ కూడా అక్కర్లేదు నన్నడిగితే, ఆ డబ్బులతో మామూలుదే టైంకి మార్చండి. లూజ్ ఆయిల్ మాత్రం వద్దు, సీల్ మీ ముందే తెరవమనండి.

ఇక లెవెల్ చూడ్డం. చాలామంది సైడ్ స్టాండ్ మీదే చూసేస్తారు, బండి ఒరిగి ఉంటే కొలత తప్పే వస్తుంది. సెంటర్ స్టాండ్ వేసి ఇంజిన్ రెండు మూడు నిమిషాలు నడిపి ఆపండి, ఆయిల్ కిందకి దిగేదాకా ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ మూతకి ఉండే కొలత పుల్ల) తీసి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టండి, స్ప్లెండర్‌లో అయితే మరలు తిప్పకుండా ఊరికే ఆనించి తీయాలి. రెండు గీతల మధ్య ఉంటే చాలు. ఎన్‌ఫీల్డ్‌లకీ పల్సర్‌లకీ గాజు కిటికీ ఉంటుంది, బండి నిటారుగా పట్టుకుని అందులో చూస్తే సరి. పై గీత దాటి పోయకండి, ఎక్కువైతే నురగ కడుతుంది, ఎయిర్ ఫిల్టర్ దాకా వచ్చేస్తుంది.

ఆయిల్ నల్లగా ఉందని కంగారు పడక్కర్లేదు, మసిని పట్టుకోవడం దాని పనే. అదే పాలు కలిపిన కాఫీలా ఉంటే మాత్రం నీళ్ళు చేరాయన్నమాట, వానలో బండి మునిగిందంటే స్టార్ట్ చెయ్యకుండా షెడ్డుకి తోసుకెళ్ళండి.

మా బావ బండికి రెండుసార్లు ఆయిల్ మార్చాక క్లచ్ సర్దుకుంది, ప్లేట్ల ఖర్చు తప్పింది. మిగిలిన కార్ ఆయిల్ ఇప్పుడు గేటు బందులకి పోస్తున్నాడు.